బల్ల దగ్గర కళ్లు తెరిచి

యేసు ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర నేను చాలా ఏళ్లు కళ్లు మూసుకునే కూర్చున్నాను. అలా కూర్చోవడమే భక్తి అని ఎవరూ బోధించలేదు గానీ, చుట్టూ అందరూ తలలు వంచి అలాగే కూర్చునేవారు గనుక, ఆ కొద్ది నిమిషాలు నాకూ ప్రభువుకూ మధ్య జరిగే ఏకాంత సంభాషణ అని, పక్కనున్నవారికి అందులో పని లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. పళ్లెం వచ్చేది, ఒక ముక్క తీసుకునేవాణ్ణి, వారమంతా చేసిన తప్పులు ఒక్కొక్కటిగా గుర్తు చేసుకునేవాణ్ణి, గిన్నె వచ్చేది, తాగేవాణ్ణి. పళ్లెం ఎవరి చేతిలోంచి నా చేతికి వచ్చిందో, నా చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో ఎన్నడూ గమనించలేదు.

ఒక ఆదివారం పళ్లెం పట్టుకోవలసిన వ్యక్తి రాలేదు. ఆ పని నా మీద పడింది. కళ్లు మూసుకుని వరుసల మధ్య నడవడం కుదరదు కాబట్టి, మొదటిసారిగా నేను బల్ల ఆరాధనను కళ్లు తెరిచి చూశాను. నాకు కనిపించినవి ముఖ్యంగా చేతులే. వణుకుతూ ముక్క కోసం వెతికే ముసలి చేతులు, ఎంత కడిగినా గోళ్ల సందుల్లోంచి మరక వదలని చేతులు, తల్లి వెనక్కి లాగేలోగా ముందుకు చాచేసిన ఒక పసి చెయ్యి. మూడో వరుస చివర, దాదాపు ఏడాదిగా నేను మాట్లాడని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గొడవ పెద్దది కాదు. సంఘపు లెక్కల విషయంలో మొదలై, మాట మీద మాట పెరిగి, ఎవరు ముందు తగ్గాలన్న దగ్గర ఆగిపోయింది. అతనున్న వరుసలోనే నేనూ ప్రతి ఆదివారం బల్ల తీసుకుంటూ వచ్చాను. నా ప్రార్థనలో, నా తప్పుల జాబితాలో, అతని పేరు ఒక్కసారీ లేదు. ఆ రోజు పళ్లెం నా చేతులతోనే అతని ముందు పట్టుకోవలసి వచ్చింది. అతను ముక్క తీసుకున్నాడు. తల ఎత్తలేదు. నేను తర్వాతి వరుసకు వెళ్లాను. ఆ తర్వాత ప్రార్థనలో ఏం చెప్పారో నాకు ఒక్క మాటా గుర్తు లేదు.

ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఈ రొట్టె ద్వారా నేను క్రీస్తుతో ఏకమవుతున్నాననుకుంటే, అదే రొట్టె తీసుకున్న ఆ మూడో వరుస మనిషితో నాకేమీ సంబంధం లేకుండా ఎలా ఉంటుంది?

మామూలు మాటల్లో మనం ‘బల్ల తీసుకున్నాను’ అంటాం, ‘సంస్కారం తీసుకున్నాను’ అంటాం. కథోలిక సోదరులు సత్ప్రసాదం స్వీకరించామంటారు. ఈ మాటలన్నిటిలోనూ తీసుకునేవాడు ఒక్కడే కనిపిస్తాడు. అయితే అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణపు సంఘానికి రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, పదో అధ్యాయంలో వాడిన గ్రీకు పదం కొయినోనియా. మన తెలుగు బైబిలు అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయంలో అదే పదాన్ని ‘సహవాసము’ అనీ, ఇక్కడ ‘పాలుపుచ్చుకొనుట’ అనీ అనువదించింది. ఈ రెండో మాట దగ్గర కాసేపు ఆగడం మంచిది. పాలు అంటే వాటా. పాలివాడు అంటే ఉమ్మడి సొత్తులో హక్కున్నవాడు. ఉమ్మడిగా ఉన్నదానిలో నాకు వాటా ఉందని ఒప్పుకున్న క్షణంలోనే, తక్కిన వాటాదారులంతా నావాళ్లని కూడా ఒప్పుకున్నట్టే. పాలివారితో పగ ఉండవచ్చు, కానీ వాళ్లు పరాయివాళ్లని చెప్పే వీలు మాత్రం ఉండదు. క్రీస్తు శరీరంలో పాలుపుచ్చుకొన్నానంటే, ఆయనతో బంధుత్వంతో పాటు ఆయన ఇంటి మనుషులందరితోనూ బంధుత్వం కలిసిందని అర్థం. ఇంత స్పష్టమైన మాట మన అనువాదంలోనే ఉండగా, ఇన్నేళ్లు దాన్ని ‘తినడం’ అనే ఒక్క అర్థంతోనే చదివాను.

ఆ వచనాల నడక కూడా గమనించదగ్గదే. మనం విరిచే రొట్టె క్రీస్తు శరీరంలో పాలుపుచ్చుకోవడమే కదా అని పౌలు అడుగుతాడు. ఆ వెంటనే, రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒక్క శరీరమై ఉన్నామంటాడు. మొదటి వాక్యంలో శరీరమంటే సిలువ మీద అర్పించబడిన క్రీస్తు దేహం. రెండో వాక్యంలో శరీరమంటే ఆ రొట్టె తిన్న మనుషుల సమూహం. ఒక అర్థంలోంచి మరో అర్థంలోకి ఆయన ఎలాంటి వివరణా లేకుండా దాటిపోతాడు. పౌలు మనసులో అవి రెండూ అంత దగ్గరగా ఉన్నాయి.

దీనికి మూలం దమస్కు మార్గంలో ఉందని నాకనిపిస్తుంది. పౌలు అప్పటికింకా సౌలు, సంఘానికి శత్రువు. సౌలు వేధించింది యెరూషలేములోని విశ్వాసులను, ఇంటింటా చొరబడి ఈడ్చుకుపోయిన స్త్రీ పురుషులను. అతను నజరేయుడైన యేసు మీద చేయి వేసినట్టు ఎక్కడా లేదు. అయినా వెలుగులోంచి వచ్చిన స్వరం ‘నా ప్రజలను’ అనలేదు, ‘నా శిష్యులను’ అనలేదు. ‘నీవేల నన్ను హింసించుచున్నావు’ అని అడిగింది. కాలికి ముల్లు గుచ్చుకుంటే అరిచేది నోరే. సంఘం క్రీస్తు శరీరమన్న బోధను పౌలు తన పత్రికలలో ఎన్ని విధాలుగా వివరించినా, అదంతా ఆ ‘నన్ను’ అన్న ఒక్క మాటకు జీవితాంతం రాసుకున్న వ్యాఖ్యానంలా ఉంటుంది.

ఇప్పుడు కొరింథుకు వద్దాం. ఈ పత్రికను క్రీ.శ. 54 ప్రాంతంలో రాసి ఉంటారని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. అంటే నాలుగు సువార్తల కంటే ముందే. ఆఖరి రాత్రి యేసు రొట్టె పట్టుకుని పలికిన మాటలు మనకు దొరికిన అత్యంత పాత లిఖిత రూపంలో ఉన్నది ఈ పత్రిక పదకొండో అధ్యాయంలోనే. అవి అక్కడ ఎందుకు ఉన్నాయి? ఒక భోజనం దగ్గర జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి. కొరింథులో ప్రభువు భోజనం నిజమైన భోజనంలో భాగంగానే జరిగేది. కలిగినవారు తమ తమ ఆహారంతో ముందే కూర్చుని తినేవారు, తాగి మత్తెక్కేవారు. లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. అందుకే, మీరు కూడివచ్చి తినేది అసలు ప్రభువు రాత్రి భోజనమే కాదు పొమ్మంటాడు పౌలు. రొట్టె ఉంది, ద్రాక్షారసం ఉంది, బహుశా ప్రార్థన కూడా ఉంది. అయినా అది ప్రభువు భోజనం కాదట. పేదవాణ్ణి సిగ్గుపరిచినందుకు.

ఈ నేపథ్యాన్ని పక్కన పెట్టి తర్వాతి వచనాలను చదవడం వల్ల మన సంఘాల్లో జరిగిన నష్టం చిన్నది కాదు. ‘అయోగ్యముగా’ తినేవాడు ప్రభువు శరీరం విషయమై అపరాధి అవుతాడన్న హెచ్చరిక చిన్నప్పటి నుంచి విన్నాను. విని భయపడి, యోగ్యుణ్ణి కాదని పళ్లేన్ని పక్కవారికి అందించేసిన ఆదివారాలూ ఉన్నాయి. కానీ వ్యాకరణం చూడండి. ‘అయోగ్యముగా’ అన్నది క్రియావిశేషణం. అది తినే పద్ధతిని గురించి చెబుతుంది, తినేవాడి అర్హతను గురించి కాదు. ‘అయోగ్యుడు’ తినకూడదని పౌలు ఎక్కడా రాయలేదు. అలా రాసి ఉంటే ఆ బల్ల చుట్టూ ఒక్క కుర్చీ కూడా నిండేది కాదు. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలన్నాడు, నిజమే. అయితే దాని తర్వాత వచ్చే మాట ‘మానుకొనవలెను’ కాదు. ‘ఆలాగుచేసి’ తినవలెను, త్రాగవలెను. పరీక్ష బల్ల దగ్గరికి రావడానికే గాని దూరంగా ఉండడానికి కాదు.

మరి ఏ విషయంలో పరీక్షించుకోవాలి? శరీరమని వివేచింపకుండా తినడమే తప్పు అంటాడు. మన బైబిల్లో అక్కడ ‘ప్రభువు శరీరమని’ అని ఉంది గానీ, అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ‘ప్రభువు’ అన్న మాట లేదు, ‘శరీరము’ అని మాత్రమే ఉంది. అక్కడ శరీరమంటే సంఘమే అని కొందరు వ్యాఖ్యాతలు తేల్చేస్తారు. కాదు, రొట్టెలో క్రీస్తు శరీరాన్ని గుర్తించడమే అని మరికొందరు పట్టుబడతారు. ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం నాకు సరి అనిపించదు. ఒక అధ్యాయం ముందే రెండు అర్థాలనూ ఒకే ఊపిరిలో పలికినవాడు ఇక్కడ ఒకదాన్ని వదిలేస్తాడా? బల్ల మీద ఉన్నదాన్ని మామూలు తిండిలా చూడడం, బల్ల చుట్టూ ఉన్నవారిని మామూలు గుంపులా చూడడం అనే రెండు తప్పులూ కొరింథువారు ఒక్కసారే చేశారు. నేనైతే మొదటి తప్పు చేయకూడదన్న భయంలో రెండోదాన్ని ఏడాది పాటు నిశ్చింతగా చేశాను.

ఆ మొదటి బల్ల చుట్టూ ఎవరున్నారో లూకా దాచలేదు. గిన్నె ఇచ్చిన వెంటనే యేసు, తనను అప్పగించేవాడి చెయ్యి తనతో కూడ బల్ల మీద ఉందంటాడు. ఆ పైన శిష్యుల మధ్య ఎవరు గొప్ప అన్న వివాదం మొదలవుతుంది, అదీ భోజనం దగ్గరే. ఇంకొన్ని గంటల్లో పేతురు ఎరగనని బొంకబోతున్నాడు, తక్కినవారు పారిపోబోతున్నారు. ఇదంతా తెలిసినవాడే రొట్టె విరిచి ఇచ్చాడు. యోహాను తన సువార్తలో ఆ రాత్రి రొట్టె, గిన్నెల గురించి చెప్పడు. ఆ స్థానంలో యేసు నడుముకు తువాలు కట్టుకుని కాళ్లు కడగడం చెబుతాడు. ఆ రెండు కథనాలు ఒకదాన్నొకటి వివరిస్తాయన్నది నా అభిప్రాయం.

ఆ రాత్రి ఆయన వాడిన మాట ‘నిబంధన’. నిర్గమకాండం ఇరవై నాలుగో అధ్యాయంలో మోషే నిబంధన రక్తాన్ని ప్రోక్షించింది ఏ ఒక్క భక్తుడి మీదో కాదు, ప్రజల మీద. ఆ తర్వాత పెద్దలు కొండెక్కి దేవుణ్ణి చూసి అన్నపానాలు పుచ్చుకున్నారు. యిర్మీయా చెప్పిన కొత్త నిబంధన కూడా ఇశ్రాయేలు వారితోను యూదా వారితోను చేయబోయేది. ‘ఇది మీకొరకైన నా శరీరము’ అన్నప్పుడు గ్రీకులో ఉన్నది బహువచనం. తెలుగులో ఒక్కరినైనా గౌరవంగా ‘మీరు’ అంటాం గనుక, ఆ మాటను నా ఒక్కడితో అన్నట్టే వినడం నాకు సులువైపోయింది కాబోలు. ఆయన నా కోసం చనిపోలేదని నేననడం లేదు. ఆ ‘నా’ ఆ ‘మీ’లో ఒక అంశం మాత్రమే అంటున్నాను.

సంఘానికీ క్రీస్తుకూ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి కొత్త నిబంధన ఒక్క పోలికతో సరిపెట్టుకోదు. ద్రాక్షావల్లి తీగెలు, మూలరాయి కట్టడం, కాపరి మంద అన్నీ ఉన్నాయి. కానీ బల్లకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఎఫెసీయుల పత్రిక ఐదో అధ్యాయం. భార్యాభర్తల గురించి మాట్లాడుతూనే పౌలు ఆదికాండంలోని ‘ఏకశరీరము’ అన్న మాట దగ్గరికి వచ్చి, ఈ మర్మం గొప్పది, అయితే నేను క్రీస్తును గూర్చీ సంఘాన్ని గూర్చీ చెబుతున్నానంటాడు. పెళ్లిళ్లలో ఈ భాగం ఎంతగా చదువుతామంటే, అది అసలు సంఘం గురించిన వాక్యమని మరిచిపోతాం. దానికి కాస్త ముందు, తన శరీరాన్ని ద్వేషించినవాడు ఎవడూ లేడని, ప్రతివాడూ దాన్ని పోషించి సంరక్షించుకుంటాడని, క్రీస్తు కూడా సంఘాన్ని అలాగే చేస్తున్నాడని ఉంది. పోషించడమన్న మాట నన్ను ఆపుతుంది. సంఘం క్రీస్తుకు ఏదో వడ్డించడానికి బల్ల దగ్గరికి రాదు. ఆకలితో వస్తుంది, ఆయన తినిపిస్తాడు. తన దేహానికి తానే అన్నం పెట్టుకున్నంత సహజంగా తినిపిస్తాడు. బల్ల ఆయనది. మనం వడ్డించేవాళ్లం కూడా సరిగా కాము, పళ్లెం మోసేవాళ్లం.

దీన్ని తలకిందులు చేసే ప్రమాదం కూడా ఉంది. సంఘం క్రీస్తు శరీరమే గనుక సంఘంలో జరిగేదంతా క్రీస్తు పనే అని, నాయకుల తప్పును ఎత్తిచూపడం శరీరాన్ని గాయపరచడమే అని వాదించేవారిని చూశాను. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి తినడం మానేసి వెనక్కి తగ్గినప్పుడు, పౌలు అందరి ముందూ అతన్ని నిలదీశాడని గలతీయుల పత్రిక చెబుతుంది. అదీ భోజనం బల్ల దగ్గరి గొడవే. శరీరం మీద ప్రేమ ఉన్నందుకే నిలదీశాడు. శిరస్సు ఒకటి, శరీరం మరొకటి. శరీరం శిరస్సుకు లోబడుతుంది, దాని స్థానంలో కూర్చోదు. ప్రకటన గ్రంథంలో తలుపు దగ్గర నిలబడి తట్టుచున్నానన్న మాటను మనం అవిశ్వాసి హృదయానికి వర్తింపజేసి సువార్త కూటాల్లో వాడుతూ ఉంటాం గానీ, అది లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరంలోనిది. లోపల సంఘం ఉంది, ప్రభువు బయట ఉన్నాడు. తలుపు తీస్తే చేస్తానన్నది కూడా భోజనమే.

మొదటి తరాలకు ఈ విషయం మనకంటే బాగా తెలుసు. డిడాఖే అనే అతి ప్రాచీన సంఘ ఉపదేశ గ్రంథంలో రొట్టె మీద చేసే ప్రార్థన ఒకటుంది. కొండల మీద చెదిరి ఉన్నది పోగై ఒక్క రొట్టె అయినట్టుగా, నీ సంఘాన్ని భూదిగంతాల నుంచి నీ రాజ్యంలోకి పోగు చేయమని వేడుకుంటుంది. క్రీ.శ. 155 ప్రాంతంలో హతసాక్షి జస్టిన్ రోమా చక్రవర్తికి క్రైస్తవుల పక్షాన రాసిన విజ్ఞాపనలో, ఆదివారం కూడికలో రొట్టె, గిన్నె పంచిన తర్వాత, రాలేనివారికి పరిచారకులు వాటిని ఇంటికి తీసుకువెళ్తారని, అప్పుడే పోగుచేసిన కానుకలతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటారని వివరిస్తాడు. ఆరాధన ఎక్కడ ముగిసిందో, ధర్మకార్యం ఎక్కడ మొదలైందో ఆ వర్ణనలో గీత గీయలేం. హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ కొత్తగా బాప్తిస్మం పొందినవారికి మరీ సూటిగా చెప్పాడు. మీరు గింజలుగా తిరగలిలో విసరబడ్డారు, బాప్తిస్మపు నీటితో ముద్దయ్యారు, ఆత్మ అనే అగ్నిలో కాలారు, ఇప్పుడు బల్ల మీద ఉన్నది మీ మర్మమే అన్నాడు.

తర్వాతి చరిత్ర అంత సంతోషంగా చెప్పుకునేది కాదు. 1415లో కాన్‌స్టన్స్‌లో కూడిన కథోలిక మహాసభ సాధారణ విశ్వాసులకు గిన్నె ఇవ్వకూడదన్న ఆచారాన్ని శాసనం చేసింది. రొట్టె ఒక్కటే వారికి, గిన్నె యాజకుడికి. 1529 అక్టోబరులో మార్బర్గ్‌లో ప్రొటెస్టంట్ సంస్కర్తలైన లూథర్, జ్వింగ్లీ సమావేశమై పద్నాలుగు అంశాల మీద ఏకీభవించారు. పదిహేనో అంశంలో, రొట్టెలో క్రీస్తు శరీరం ఉందా లేదా అన్న దగ్గర విడిపోయారు. లూథర్ ‘ఇది నా శరీరము’ అన్న మాటలను సుద్దముక్కతో ముందున్న బల్ల మీదే రాసుకుని కూర్చున్నాడట. వారి వారసులైన ఐరోపా సంఘాలు ఒకరి బల్ల దగ్గర ఒకరు అధికారికంగా కూర్చోవడానికి 1973 నాటి లాయెన్‌బర్గ్ ఒడంబడిక దాకా ఆగవలసి వచ్చింది. నాలుగు వందల నలభై నాలుగేళ్లు. క్రీస్తు ఈ రొట్టెలో ‘ఎలా’ ఉన్నాడన్న ప్రశ్న అనవసరమైనదని నేననను. కానీ రొట్టె ఒక్కటే గనుక మనం ఒక్కటే అన్న వాక్యాన్ని ఇరువైపులా కంఠస్థం చేసినవారే, ఆ రొట్టె పేరు మీదే విడిపోయారన్నది తలుచుకుంటే, నా ఏడాది గొడవ చరిత్రలో కొత్తదేమీ కాదనిపిస్తుంది.

ఒక చిన్న విషయం చెప్పాలి. ఇప్పుడు చాలా సంఘాల్లో రొట్టెను ముందే సమానమైన ముక్కలుగా కోసి పెడతారు, ద్రాక్షారసాన్ని విడివిడిగా చిన్న గిన్నెల్లో పోస్తారు. విడి గిన్నెల పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో, రోగక్రిముల భయంతో వ్యాపించింది. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను, వ్యాధులు ప్రబలిన రోజుల్లో అది అవసరం కూడా. కానీ ఎవరి ముక్క వారికి, ఎవరి గిన్నె వారికి సిద్ధంగా ఉన్నప్పుడు ఒక దృశ్యం పోతుంది. రొట్టె విరవడమన్న చప్పుడు పోతుంది. తిరిగి లేచిన యేసుతో దారి నడిచిన ఇద్దరు శిష్యులు ఎమ్మాయు ఇంట్లో ప్రభువును గుర్తుపట్టింది ఆయన రొట్టె విరిచినప్పుడే. నా ముక్క ఇంకొకరి ముక్క నుంచి విడిపోయి వచ్చిందని కంటికి కనబడకపోతే, ఆ ‘ఒక్కటే రొట్టె’ను మనసులోనైనా తెచ్చుకోవాలి. ఆ పని నేను చేయలేదు.

పదకొండో అధ్యాయం చివర పౌలు ఇచ్చిన ఆజ్ఞ, అంత గంభీరమైన హెచ్చరికల తర్వాత, ఆశ్చర్యం కలిగించేటంత చిన్నది. భోజనానికి కూడివచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి, అంతే. ఉపవాసం ఉండమనలేదు, పాపాల పట్టిక రాసుకోమనలేదు. పక్కవాడు వచ్చేదాకా ఆగమన్నాడు.

మూడో వరుస మనిషితో ఆ వారమే మాట్లాడానని రాయగలిగితే బాగుండేది. అలా జరగలేదు. రెండు నెలలు పట్టింది. మాట్లాడినప్పుడు కూడా లెక్కల సంగతి తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. ఆ విషయంలో అతను చెప్పేది తప్పనే నా నమ్మకం, నేను చెప్పేది తప్పని అతని నమ్మకం. కానీ పలకరించుకుంటున్నాం. అతని తల్లికి బాగాలేనప్పుడు ఆవిడకు బల్ల ఇవ్వడానికి వెళ్లినవారితో నేనూ వెళ్లాను. అతనే తలుపు తీశాడు.

మా సంఘంలో రొట్టె ముట్టగానే నోట్లో వేసుకోరు. అందరికీ అందేదాకా చేతిలో పట్టుకుని, కాపరి చెప్పాక ఒక్కసారే తింటారు. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, మర్యాద కోసం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ కాసేపు నేను కళ్లు మూసుకోను. పళ్లెం ఒక్కో చేతిలోంచి ఇంకో చేతికి, ఒక్కో వరుస దాటుకుంటూ వెనక్కి వెళ్లడం చూస్తాను. వెనక వరుసలో ఆలస్యంగా వచ్చినవారు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారికి అందేసరికి నా అరచేతిలోని ముక్క చెమటకు కొంచెం మెత్తబడి ఉంటుంది.